కాలు దించేముందు శ్లోకం

అర్థం తెలియకుండా శ్లోకాలు అప్పజెప్పే భక్తులంటే నాకు ఒళ్లుమంట. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో, ఎదుటి సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకున్న ఒకావిడ నిద్రలేచింది. వేరుశెనగ పొట్టు నిండిన నేలను తాకి కళ్లకద్దుకుని, భూదేవి శ్లోకం తప్పుల తడకగా చదివేదాకా కాళ్లు కిందికి దించలేదు.

"రైలు పెట్టెలో భూదేవి ఎక్కడుందమ్మా? అసలు దానర్థమేంటో తెలుసా?" అన్నాను.

"తెలీదండి. మా అత్తగారు చదవమన్నారు, చదువుతున్నా."

"చిలకలే నయం! తల్లీ, నిన్ను కాలితో తొక్కుతున్నాను, క్షమించు అని అర్థం."

"అలాగాండీ!" అంటూ ఆవిడ నా కాళ్ల వంక చూసింది. "మీ చెప్పు నా టిఫిన్ సంచి మీదుందండి, అక్కయ్యగారూ."

కాలు లాక్కున్నాను. క్షమించమనే మాట సంస్కృతంలో నాకు స్పష్టంగా వచ్చు. రేపల్లె వచ్చేదాకా తెలుగులో మాత్రం నోరు పెగల్లేదు.