ఉల్లికాడ మీద నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు మోసే పని నాది. అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడకూడదన్నది అప్పటి మర్యాద. మా అమ్మ కాన్పుకని అమ్మ వాళ్ల అమ్మ, మా అవ్వ, వచ్చి మా ఇంట్లో ఉంది. ఉన్నన్నాళ్లూ ఆమె తలుపు వెనక నుంచి మాట్లాడేది, మా నాయన వాకిట్లో నుంచి జవాబిచ్చేవాడు. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంటుంది. అయినా మధ్యలో నేను పోయి చెప్పాల్సిందే. ఎంత విసుగొచ్చేదో! తప్పు చెప్తే ఇద్దరూ కసిరేవాళ్లు, సరిగ్గా చెప్తే ఒకరైనా కసిరేవాళ్లు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవడు. నందికొట్కూరు దగ్గర మా చేలో ఈసారి ఉల్లి వేశాడు. కాడలకు పురుగు తగిలింది. మందు కొడతాడు, అది జారి నేలపాలవుతుంది, మళ్లా ఇంకా చిక్కగా కలిపి కొడతాడు. కుంకుడు రసం కలపరా అని నేను మొత్తుకుంటున్నాను. "సరేలే అవ్వా" అంటాడు, చెవి దగ్గర నుంచి ఫోను తీయకుండా. ఆ సరేలేకు అర్థం నాకు తెలియదా? పోనీ, ఇప్పుడు ఆ కుంకుడు రసాన్నే సీసాల్లో పోసి, మీద ఆకు బొమ్మ అంటించి అమ్ముతున్నారు కదా, కల్లూరు పోయినప్పుడు అదైనా తెచ్చుకోరా అన్నాను. దానికీ సరేలే. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం.

మా నాయనా అంతే. అవ్వ వచ్చిన ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. మా ఇల్లు తోటలోనే ఉండేది, పక్కనే బావి. ఆ బావి కింద వేసిన ఉల్లి మడి ఒక్కటే పచ్చగా మిగిలింది. అది కూడా పోతే నాపరాళ్ల గనిలో కూలికి పోతానన్నాడు నాయన. గనికి పోయిన మగవాళ్లు పండగకు తప్ప ఇంటి మొహం చూసేవాళ్లు కాదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రోజూ పొద్దున్నే మడికి పోయి కాడలు చూసేదాన్ని. కాడల సందుల్లో కంటికి ఆనని సన్న పురుగు చేరి రసం పీలుస్తోంది. రోజురోజుకూ కాడలు తెల్లబడుతున్నాయి.

నాయన మందు తెచ్చి కొట్టాడు. ఉల్లికాడ మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. చుక్క పడటం, పూసలాగా దొర్లటం, మట్టిలో కలవటం. నాయన దాన్ని చూడలేదు. మందులోనే బలం లేదనుకుని ఇంకాస్త ఎక్కువ కలిపాడు, తర్వాత ఇంకాస్త. ఆయనకు కోపమంతా మందు అమ్మినవాడి మీద. అవ్వ మాత్రం బాలింతకు నీళ్లు కాచుకుంటూ దొడ్డి వాకిలి నుంచి అంతా చూస్తూనే ఉంది.

ఒకరోజు నన్ను పిలిచి, "మే, ఆ మందులోకి రొంత కుంకుడు రసం పొయ్యమని చెప్పు మీ నాయనకు. కాడకు అంటుకోకపోతే ఎంత పోసినా మట్టికే" అంది. నేను పోయి చెప్పాను. నాయన వీపు మీది మందు పంపు దించకుండానే, "తలకు రుద్దుకునేది పైరుకు కొడ్తారా యాడన్నా? బాలింతను చూసుకోమను మీ అవ్వను" అన్నాడు. ఆ మాట అవ్వకు మోసుకొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. అవ్వ ఏమీ అనుకోలేదు. మళ్లీ చెప్పి పంపించు, గట్టిగా చెప్తాను అన్నాను. వద్దంది. అప్పుడు నాకు ఆమె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మడి అలా పోతుంటే చేతులు కట్టుకొని కూర్చుంటుందా అని.

ఆ మధ్యాహ్నం అవ్వ ఒక ఉల్లికాడ తెంపి నా చేతిలో పెట్టింది. దాని మీద ఒక నీటిచుక్క వేసింది. వేలు తగలకుండా, ఊదకుండా ఆ చుక్కను కాడ మీద పరిచి పండబెట్టమంది. నేను కాడను ఇటు వంచాను, అటు వంచాను. చుక్క దొర్లి పడిపోయింది. ఇంకో చుక్క వేశాను, అదీ పోయింది. పొద్దు గూకేదాకా అదే పని. చెప్పవే అని బతిమాలినా అవ్వ చెప్పలేదు. కాడను విసిరికొట్టి, అన్నం తినకుండా పడుకున్నాను.

మరునాడు అమ్మకు తలంటు. అవ్వ కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసి, వేణ్ణీళ్లలో నానబోసి పిసికింది. ఆ నురుగులో ఒక చీపురుపుల్ల ముంచి, కొత్త కాడ మీద వేసిన చుక్కకు తాకించింది. అంతసేపూ పొగరుగా నిలబడ్డ చుక్క చాప పరిచినట్టు పరుచుకుంది. కాడను తలకిందులు చేసినా జారలేదు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నన్ను అంత ఏడిపించాలా అన్నాను.

"అడగనోనికి చెప్తే అది ఉల్లికాడ మీద నీళ్లే మే" అంది అవ్వ. "పొయ్యి మీ నాయన కండ్ల ముందర ఆడుకో. అడిగేదాకా నోరు మెదపాకు. నా పేరు ఎత్తాకు."

నేను వాకిట్లో కూర్చొని చుక్కలతో ఆడటం మొదలుపెట్టాను. నాయన పంపు తుడుచుకుంటూ కాసేపు చూసి, "ఏం జేస్తాండావు మే?" అన్నాడు. చుక్కను పండబెట్టే పందెం చెప్పాను. ఇదెంతసేపు అని కాడ అందుకున్నాడు. ఆయన వేసిన చుక్కా జారింది. మళ్లీ వేశాడు. పట్టుదల మనిషి, వదిలిపెడితే కదా. చివరికి విసుగొచ్చి ఎట్లనో చెప్పమన్నాడు. పుల్ల ముంచి తాకించాను. చుక్క పరుచుకుంది. నాయన ఆ కాడను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత మడి వైపు చూశాడు. కుంకుడు రసం గుడ్డలో వడగట్టి, మందులో కలుపుకొని పోయాడు. నేను వెంట పరిగెత్తాను. ఆ రోజు మందు కాడలను తడిపి, సందుల్లోకి దిగింది.

అంతా అయ్యాక మిగిలింది పారబోసి పంపు కడగటానికి నాయన బావిలోకి దిగబోయాడు. ఆ బావి నీళ్లే మేము తాగేది. దోమ పిల్లలను తింటాయని అందులో చేపలు వదిలి ఉంచారు. అప్పుడు దొడ్డి వాకిలి నుంచి ఒక కేక వినపడింది.

"బాయిలో కడగాకప్పా. తాగే నీళ్లు. ఆ నురగకు చేపలు గూడా సస్తాయి."

అవ్వ కొంగైనా సర్దుకోకుండా ఎండలో నిలబడి ఉంది. అల్లుడితో ఆమె నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నాయన ఒడ్డునే ఆగిపోయాడు. "సరే అత్తా" అన్నాడు. పంపును దూరంగా తీసుకుపోయి, బిందెతో నీళ్లు తోడుకొని కడిగాడు.

మడి అంతా నిలిచిందని చెప్పను. ఎగువ సగం అప్పటికే పోయింది. దిగువది కోలుకుంది. నాయన గనికి పోలేదు. అవ్వ ఊరికి వెళ్లేదాకా వాళ్లిద్దరూ పైరు సంగతులు నేరుగానే మాట్లాడుకున్నారు. నా ఉద్యోగం పోయింది.

ఆకుకు మేలు చేసిన నురుగే చేపకు ఊపిరాడనివ్వదని కూడా నాకు ఆ రోజే తెలిసింది. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం కాదులే అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఎవరికి చెప్పను? చెప్పేకొద్దీ మా మనవడు ఇంకా నున్నగా తయారవుతున్నాడు. జారిపోతున్న చోట ఇంకా పోయకూడదని అంత చిన్నప్పుడే నేర్చుకున్నాను. తెలిసి కూడా రోజూ పోస్తూనే ఉన్నాను. ఈ పొద్దున మళ్లీ చెప్పాను. మళ్లీ సరేలే.

ఇక లాభం లేదని కుంకుడుకాయలు కొట్టి నానబోశాను. వాడి కూతురు, నా మునిమనవరాలు, వచ్చి, ఎవరికి తలంటు జేజీ అని అడిగింది. నేను ఒక ఉల్లికాడ తెంపుకొని రమ్మన్నాను.