తెనాలి వచ్చేసరికి ఊగిన కోచ్

ఆ రోజుల్లో అచ్చయిన మాటను జనం ఎంత నమ్మేవారో, అచ్చువేసే మేము జనాన్ని అంత అనుమానించేవాళ్లం. తెనాలిలో నా అద్దె గదికి రేపల్లె ఫుట్‌బాల్ జట్టు కోచ్ విజిల్ సార్ (మెడలో ఈల లేకుండా చర్చికి కూడా వెళ్లరని ఆ పేరు) వచ్చారు. మడతపెట్టిన మా పేపరు నా ముందు పెట్టి, "ఊగేది నేనేనా బాబూ?" అని అడిగారు. నేను మొదట చేసిన పని, ఆయన నోటి వాసన పట్టడానికి కాస్త ముందుకు వంగడం. వక్కపొడి వాసన కూడా రాలేదు. నేను వంగడం ఆయన గమనించారు. "ఆదివారం మా చర్చి సంఘపెద్దలు కూర్చుంటున్నారు, జట్టు నా చేతిలో ఉంచాలా వద్దా అని. వాళ్లకేం చెప్పమంటావ్?" అన్నారు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నేను విలేకరినై ఏడాది కూడా కాలేదు. తెనాలిలో పోటీలు జరగబోతున్నాయని, బాపట్ల పాత జట్టు గొప్పదా, రేపల్లె కొత్త జట్టు గొప్పదా రాయమన్నారు. బాపట్లను నడిపింది పంచె మాస్టారు. ఎగ్గట్టిన పంచెతో గీత పక్కనే పరిగెత్తేవారట. ఆయన కుర్రాళ్లు వట్టి కాళ్లతో ఆడి, ఎనభైల మధ్యలో ఉద్యోగాలొచ్చి చెదిరిపోయారు. రేపల్లె వాళ్లవి బూట్లు, చర్చి గోడ మీద సార్ సుద్దముక్కతో గీసిన ఎత్తుగడలు. స్టేషన్ ఎదుటి టీకొట్టులో రోజూ ఇదే వాదన. బూట్లు విప్పించి చూడమని బాపట్ల అభిమానులు, మా ఎత్తుగడల ముందు మీ వాళ్లకి బంతే దొరకదని రేపల్లె అభిమానులు. పాత జట్టు వేసిన గోల్స్ మీద నాకు మరీ అనుమానం. టీ చల్లారేలోగా ఒకటి పెరిగేది.

ఒకరు చెబితే అనుమానించు, ఇద్దరు చెబితే రాయి అని మా డెస్కులో పెద్దాయన నేర్పారు. ఆ ఇద్దరి కోసం రేపల్లె వెళ్లి, తిరుగు బండిలో వస్తుంటే, నా వెనక సీట్లో ఖాకీ చొక్కా ఆయనా, చేపల బుట్టలాయనా మాట్లాడుకుంటున్నారు. "పాత కోచే నయం. కొత్తది రేపల్లెలో బాగానే ఉంటది, తెనాలొచ్చేసరికి ఊగుద్ది" అన్నాడు ఖాకీ ఆయన. "అవునండి, చూసేవాళ్లకే భయమేసిద్ది" అన్నాడు రెండో ఆయన. ఇద్దరు. ఊగడమంటే తాగి తూలడమే అనుకుని నోట్‌బుక్ తీశాను. మనిషిని పట్టుకుని ‘ఊగుద్ది’ అంటారేంటి అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. (నచ్చని కోచ్‌కి మావైపు మర్యాద తగ్గడం మామూలేలే అని సర్దుకున్నాను. వ్యాకరణాన్ని ఒక్కదాన్నే ఆ రోజు అనుమానించలేదు.) ‘పాతదే నయం’ అని శీర్షిక పెట్టి, కొత్త కోచ్ తెనాలి వస్తే ఊగుతారని అభిమానుల అనుమానం అని రాసి పంపాను.

సార్ వెళ్లాక మూడు రోజులు అదే బండిలో అటూ ఇటూ తిరిగాను. మూడోనాడు ఖాకీ చొక్కా కనిపించింది. ఎవరో చెప్పించిన మాట కాదు కదా, మీకెలా తెలుసు అని నిలదీశాను.

"రైల్వేలో పనిచేసేవాణ్ణి, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తది?"

"ఇంతకీ ఏ కోచ్ అండీ?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇదే బాబూ. నువ్వు కూర్చున్నదే."

మావైపు రైలు పెట్టెని పెట్టె అనే అంటాం. కోచ్ అనేది రైల్వే వాళ్ల మాట అని నాకప్పటిదాకా తెలీదు. తెనాలి దగ్గరపడుతుంటే పెట్టె మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

శనివారం సవరణ వచ్చింది: ఊగినది రైలు పెట్టె అని పాఠకులు గమనించగలరు. సంఘపెద్దలు దాన్ని రెండుసార్లు చదివించుకుని, నవ్వాపుకోలేక ప్రార్థన చేసి లేచారట. జట్టు సార్ చేతిలోనే ఉంది. టీకొట్టులో మాత్రం, ఆ సవరణ ఎవరు వేయించారో అని బాపట్ల వైపు కొత్త అనుమానం పుట్టింది.

పోటీల రోజున సార్ నన్ను గీత దగ్గరికి పిలిచారు. "అంతా బాగుంది బాబూ. ఆ ఇద్దరూ పెట్టె గురించి మాట్లాడితే, పాత జట్టే నయమని నీకు చెప్పిందెవరు?" అన్నారు. జవాబు కోసం ఆగకుండా ఈల ఊదుకుంటూ వెళ్లిపోయారు.

ఇప్పటికీ రేపల్లె బండిలో ఎవరైనా కోచ్ అంటే, క్రియ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి వింటాను. అంత జాగ్రత్త ఆ వయసులో ఉంటే నాకు సార్ పరిచయమయ్యేవారు కాదేమో. ఆ రెండు జట్లూ ఒక్కసారైనా ఎదురుపడి ఆడలేదు. సవరణలో కోచ్ మాట దిద్దారు గానీ, ‘పాతదే నయం’ అన్న శీర్షికను ఎవరూ దిద్దలేదు.