అర ఊపిరి వెనకాల

మా మెట్ల దారిలో మూడో అంతస్తున ఎదురెదురుగా రెండు తలుపులున్నాయి. ఒకటి నాది, రెండోది బురుల్ ఎజెది. నాకంటే పెద్దది కాబట్టి ఎజె అంటాను, అక్కా అన్నట్టే. చీకటి పడేసరికి ఆవిడ తలుపుకి లోపలివైపు రెండు గొళ్ళేలు పడతాయి. మొదటిది టక్కున పడుతుంది. రెండోది బిగుసుకుపోయి ఉంటుంది, కాసేపు మొరాయించి కీచుమంటూ పడుతుంది. అది పడ్డాక మా అంతస్తులో ఇంక మనిషి చప్పుడు ఉండదు. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని, చప్పుడు లేకపోవడం నాకు బాగానే ఉంటుంది. ఆవిడకి ఎలా ఉంటుందో చాలా ఏళ్ళు నేను ఆలోచించలేదు.

మా బిష్కెక్‌లో నడివయసు దాటినవాళ్ళకి ఆవిడ మొహం తెలియదు, గొంతు తెలుసు. ఒకసారి ఇద్దరం బజారు నుంచి మినీబస్సులో వస్తున్నాం. "ఈ మలుపు దాటాక ఆపు నాయనా" అంది ఆవిడ. డ్రైవరు ఆపేసి వెనక్కి తిరిగాడు.

"మీరు హాల్వర్ కదూ?"

"ఒకప్పుడు" అంది బురుల్ ఎజె.

"హాల్వర్ పెళ్ళాం సిగ్నె కూడా మీరేగా?"

"ఆవిడా నేనే, వాళ్ళ కుక్కని తిట్టే ముసలాడూ నేనే. దిగనిస్తావా, కాళ్ళు లాగుతున్నాయి."

బస్సులో అందరూ నవ్వారు. కిందకి దిగాక ఆవిడ మొహంలో నవ్వు లేదు. సంచీ చెయ్యి మార్చుకుని మంచులో జాగ్రత్తగా నడిచింది.

నరీన్ కొండల్లో గొర్రెల కాపరి ఇంట్లో పుట్టిందావిడ. పట్నం వచ్చి రేడియోలో వాతావరణం, ఉన్ని ధరలు చదివేది. దేశం మారిపోయి రేడియోలో జీతాలు ఆగిపోయిన రోజుల్లో, జుమాదిల్ అనే ఆయన ఒక భవనం నేలమాళిగలో చిన్న టీవీ ఛానెల్ పెట్టాడు. ఎక్కడెక్కడివో సీరియళ్ళ టేపులు తెచ్చేవాడు. పాత్రకో మనిషిని పెట్టే స్తోమత లేదు. టేపు నడుస్తుంటే మైకు ముందు ఒక్క మనిషి కూర్చుని అందరి మాటలూ మా కిర్గిజ్ భాషలో చదివెయ్యాలి. మొగుడు, పెళ్ళాం, పసిపిల్ల, దొంగ, పోలీసు, అందరికీ ఒకటే గొంతు. అసలు మాటలు అడుగున సన్నగా వినిపిస్తూనే ఉంటాయి. మా దగ్గర అందరూ అలా విని పెరిగినవాళ్ళమే, మాకు అది వింతగా ఉండేది కాదు. కాసేపటికి ఆ ఒక్క గొంతూ మరుగైపోయి, తెర మీది మనుషులే కిర్గిజ్ మాట్లాడుతున్నట్టు ఉండేది.

జుమాదిల్ ఆవిడకి నేర్పిందల్లా ఒక్కటే. "వాళ్ళు ఏడుస్తారు, నువ్వు ఏడవకు. వాళ్ళు అరుస్తారు, నువ్వు అరవకు. ఏడుపూ అరుపూ కింద వాళ్ళ గొంతులోనే ఉన్నాయి. నువ్వు అర ఊపిరి వెనకాల ఉండి మాట అందించు, చాలు."

ఆవిడ అలాగే చదివింది. చదివీ చదివీ అలాగే బతకడం కూడా అలవాటైపోయింది. ఎవరైనా పలకరిస్తే కాస్త ఆగి, ఎత్తుపల్లాలు లేని గొంతుతో జవాబిస్తుంది. భర్త షర్షెన్ ట్రాలీబస్సు నడిపేవాడు. "నీతో కాపురం చేస్తుంటే పొద్దస్తమానం వార్తలు వింటున్నట్టుంది" అని, ఊరికి అవతలి కొసన వేరే ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాడు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు కూడా బురుల్ ఎజె గొంతు చెక్కుచెదరలేదు. ఎవరివో మాటలు చదివి వినిపిస్తున్నట్టే చెప్పింది. నేను టీ పోశాను.

ఆవిడ చదివినవాటిలో "రేవు దీపం" ఒక్కటే ఊరికి పిచ్చెక్కించింది. ఏదో ఉత్తరపు దీవిలో, సముద్రం ఒడ్డున దీపస్తంభం కాచే హాల్వర్ అనే మొండిమనిషి కథ. దాన్ని తీసిన దేశంలో ఎవరూ చూడక మధ్యలోనే ఆపేశారట. సముద్రం మొహం ఎరగని మేమేమో అది వచ్చే వేళకి వీధులు ఖాళీ చేసి టీవీల ముందు చేరేవాళ్ళం. ఆఖరి భాగంలో సిగ్నె పెట్టె పట్టుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోతుంది. హాల్వర్ కిటికీ అద్దం వెనక నిలబడి చూస్తాడు. "గొళ్ళెం వెయ్యను. ఎప్పుడొచ్చినా తలుపు తోసుకుని వచ్చెయ్" అంటాడు. అంతే, అయిపోతుంది. ఆ మాట ఊళ్ళో ఎన్ని నోళ్ళలో తిరిగిందో చెప్పలేను. కొడుకు మీద అలిగినవాళ్ళూ, పనికోసం మొగుడు రష్యా పోయినవాళ్ళూ దాన్ని సొంతమాటలా వాడుకున్నారు.

పోయిన చలికాలం మా చెల్లెలి కూతురు నుర్జాన్ కొత్త టీవీ కొనుక్కుని పాతది నాకు తెచ్చి బిగించింది. నెలనెలా చందా కట్టి ఏది కావాలంటే అది చూసుకునే ఏర్పాటు కూడా తనే చేసింది.

"పెద్దమ్మా, మీ రేవు దీపం వచ్చింది ఇందులో. ఒక్క బిగిన చూడాల్సిన పాతవి అని వరసపెట్టారు, అందులో మొదటిదే ఇది. మా ఆఫీసులో శని ఆదివారాలు తిండీ నిద్రా మానేసి మొత్తం చూసేస్తున్నారు."

"బురుల్ ఎజె గొంతేనా?"

"అబ్బే, ఆ టేపులు ఎక్కడున్నాయి? కొత్తగా చేశారు. పాత్రకో గొంతు."

నేను ఆ మధ్యాహ్నమే ఎదురు తలుపు కొట్టాను. బురుల్ ఎజె గుమ్మంలో నిలబడే అంతా వింది.

"శబ్దం శుభ్రంగా ఉందా?" అని అడిగింది.

"ఉందిట. దుమ్ము దులిపినట్టు చేశారట."

"అయితే నాకొద్దు."

తలుపు వేసేసింది. మర్నాడు తనే వచ్చింది, పళ్ళెంలో అప్పుడే నూనెలో వేయించిన పిండిముక్కలు, వేడి బోర్సోక్‌లతో. మా అలవాటు ప్రకారం వాటిని బల్ల మీదే పోసింది. కూర్చుంది. నేను టీలో పాలు కలుపుతుంటే మాట్లాడటం మొదలుపెట్టింది.

"కులీపా, నీకొకటి చెప్పాలి. ఆ ఆఖరి మాట కాయితంలో లేదు."

"ఏ మాట?"

"గొళ్ళెం మాట. నాకు అనువాదం చేసిన కాయితాలు ఇచ్చేవాళ్ళు. ఆ రోజు చివర్న ఏమీ లేదు. టేపు చూస్తే నకలుకి నకలు, ఆ చోట బుసబుసమంటోంది. నేను చదివేది అప్పటికప్పుడు నేరుగా ఇళ్ళకి పోతోంది. చూస్తే హాల్వర్ పెదాలు కదుల్తున్నాయి. ఏం చెయ్యను? ఊరుకుంటే జనం సెట్టు చెడిపోయిందనుకుని దాని నెత్తిన నాలుగు మొట్టుతారు. నోటికొచ్చింది చెప్పేశాను."

పెళ్ళి చేసుకోని మనిషిని నేను. అయినా ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నట్టు దాచుకున్న సాయంత్రాలున్నాయి. అది ఆవిడకి చెప్పలేదు.

"మంచి మాటే కదా ఎజె" అన్నాను.

"మంచిదో కాదో నాకేం తెలుసు? అతను అసలేమన్నాడో తెలిస్తే కదా. పోతే పో, మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నాడేమో. ఎంతమంది ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారో తెలుసా? మీ మాట నమ్మి తలుపు తీసిపెట్టాం, మనిషి వచ్చాడు అన్నవాళ్ళున్నారు. రాలేదు అన్నవాళ్ళున్నారు. ఇంకా తీసే పెట్టామన్నవాళ్ళున్నారు. అతను అననిది అతని నోట పెట్టి ఊరందరికీ అబద్ధం చెప్పానేమోనని నాకు లోపల పీకుతూనే ఉంటుంది. ఇప్పుడు నీ పెట్టెలో అసలుది ఉంది."

"అయితే చివరిదొక్కటే పెట్టెయ్యనా?"

"వద్దు. మొదట్నించీ పెట్టు. ఇన్నాళ్ళ తర్వాత ఇంటికి పోయి, పలకరింపుల్లేకుండా ఆస్తి సంగతి ఎత్తితే ఏం బావుంటుంది?"

అలా మొదలైంది. మధ్యాహ్నాలు ఆవిడ రావడం, కిటికీ బయట బొగ్గు పొగ, మంచు, తెర మీద సముద్రం. ఒకటయ్యాక ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది, లేచి ఆపేవాళ్ళు ఎవరు? ఒక్కోరోజు భోజనం సంగతే మర్చిపోయి, నిన్నటి రొట్టె టీలో ముంచుకుని తినేవాళ్ళం.

మొదటిరోజు ఆ కొత్త గొంతులకి బురుల్ ఎజె చెవులు మూసుకుంది.

"ఇంతమందేమిటే, పెళ్ళికొచ్చినట్టు."

"పాత్రకొకరు ఎజె."

"ఆ పిల్ల ఏడుస్తుంటే దాని మీద ఇంకో పిల్ల ఏడుస్తోంది. ఒక ఏడుపు చాలదా? ఈ హాల్వర్ చూడు, చన్నీళ్ళు నెత్తిన పోసినట్టు ఊగిపోతున్నాడు. మనిషి రాయిలా నిలబడితే గొంతెందుకు గెంతుతోంది?"

"మీకు అసూయ."

"ఉండదూ మరి? అన్నీ నేనే అయి కాపురం చేసిన ఇల్లిది. ఇప్పుడు గదికొకళ్ళని అద్దెకి పెట్టారు."

రెండుమూడు రోజులకి ఆ విసుర్లు తగ్గాయి. నేను తెర వదిలి ఆవిడనే చూడటం మొదలుపెట్టాను. తెర మీద ఎవరు మాట్లాడినా, అర ఊపిరి ఆగి, ఆవిడ పెదాలు కదిలేవి. చప్పుడు లేదు. కొత్త మాటలకీ ఆవిడ పెదాలకీ పొంతన కుదిరేది కాదు, ఆవిడ పాత మాటలే చెప్పుకుంటోంది. సిగ్నె ఒంటరిగా వలలు బాగుచేసుకునే చోట మాటలే లేవు. అక్కడ కూడా ఆవిడ పెదాలు కదిలాయి. ఏమంటున్నారని అడగలేకపోయాను. ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా ఇలాగే కదుల్తాయేమోనని మొదటిసారి అనిపించింది.

చివరిది మిగిలినరోజు ఆవిడ రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. తలుపు కొట్టాను.

"జలుబు చేసింది" అంది లోపల్నుంచి.

"గొంతు బాగానే ఉందే."

"నా గొంతుకి జలుబు తెలీదు. నువ్వు పో."

ఇంకో రోజు గడిచాక వచ్చింది. బోర్సోక్‌లు లేవు. కోటు విప్పకుండానే కూర్చుంది, ఎదురింటికి కాక ఆస్పత్రికి వచ్చినట్టు.

పెట్టాను. సిగ్నె పెట్టె సర్దుకుంది. ఇసుకలో నడిచింది. పడవ తాడు విప్పుతున్నారు. అద్దం వెనక హాల్వర్ వచ్చి నిలబడ్డాడు. బురుల్ ఎజె నా చెయ్యి పట్టుకుంది. అతని పెదాలు కదిలాయి. కొత్త కుర్ర గొంతు, ఊగకుండా, మెల్లగా అంది: "గొళ్ళెం వెయ్యను. ఎప్పుడొచ్చినా తలుపు తోసుకుని వచ్చెయ్."

ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

"ఇది నాది" అంది ఆవిడ.

"మీదే."

"దొంగ వెధవలు." కోపంగా లేదు ఆ మాట.

"వీళ్ళంతా చిన్నప్పుడు మీ గొంతు విన్నవాళ్ళే అయ్యుంటారు ఎజె. ఆ మాట లేకపోతే కథ అయినట్టు తోచి ఉండదు. లేదూ, అతను నిజంగానే అదే అన్నాడేమో."

నేను ఊరడించడానికి అన్నాను. ఆవిడ ఊరడిల్లలేదు. "అసలు గొంతు పెట్టడానికి వీలుందా ఇందులో?" అని అడిగింది.

ఉంది. నుర్జాన్ చూపించింది. వాళ్ళ భాష పెట్టి, కింద రష్యన్ అక్షరాలు వచ్చేలా చేసి, వెనక్కి జరిపాను. మళ్ళీ సిగ్నె నడిచింది. పడవవాడు ఏదో అరిచాడు, తొందరగా ఎక్కమంటున్నాడని కింద అక్షరాలు పడ్డాయి. హాల్వర్ వచ్చాడు. పెదాలు కదిలాయి.

గాలి వినిపించింది. కెరటాలు, ఒక పక్షి. కింద అక్షరాలు రాలేదు.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. గాలి, కెరటాలు, పక్షి.

"ఇంకా పెంచు."

పెంచాను. గది అంతా సముద్రమైంది. మాట లేదు. అతను అద్దానికి అటువైపున్నాడు, మనం సిగ్నెతో ఇటువైపున్నాం. తీసినవాళ్ళు కావాలనే అతని మాట మనకి వినిపించనివ్వలేదు. టేపులో పోయిందేమీ లేదు, మొదట్నించీ అక్కడ మాటే లేదు.

నేను తేలికపడ్డాను. "చూశారా, అబద్ధం కాదు. మీరు మార్చేసిన మాట ఏదీ లేదు. ఖాళీలో మీరొక మాట పెట్టారు, అంతే" అన్నాను.

ఆవిడ జవాబివ్వడానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది.

"నీకు తెలియదు కులీపా. తప్పయినా ఒప్పయినా అక్కడ అతను ఏదో అన్నాడనుకున్నాను. నేను అర ఊపిరి వెనకాల ఉన్నాననుకున్నాను. ఇన్నేళ్ళూ భయపడ్డాను కానీ, నాకు ముందు ఒక మనిషి ఉన్నాడు కదా అని ఉండేది. ఎవరూ అనలేదన్నమాట. నేనే అన్నాను."

"ఎవరితో అన్నారు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఎవరుంటారు? నేలమాళిగలో మైకు ఉంది, నేనున్నాను. షర్షెన్ ఇల్లు వదిలి వెళ్ళిపోయి అప్పటికి చాన్నాళ్ళయింది, అతని కోసమూ కాదు. అతనొస్తే నేను తలుపు తియ్యనని అతనికీ తెలుసు."

కోటు బొత్తాలు పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర నేను పట్టుకోబోతే వద్దంది. మెట్ల దగ్గర దీపం ఇంకా వెయ్యలేదు, సాయంత్రపు వెలుతురు కొంచెం ఉంది. ఎదురు తలుపు మూసుకుంది. నేను లోపల నిలబడి విన్నాను. మొదటి గొళ్ళెం టక్కున పడింది. ఆ తర్వాత ఏమీ లేదు. పడదేమో అనుకుంటుండగా రెండోది మొరాయించి, కీచుమని పడింది.

నేను నాది వెయ్యలేదు. పొగరుకి కాదు, మంచితనానికీ కాదు. ఆ చప్పుడు ఇంకొకటి నా చేత్తో చెయ్యాలనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు మీద వేళ్ళ చప్పుడైంది. ఆవిడ కొట్టేది ఎప్పుడూ మెల్లగానే.

"తీసే ఉంది ఎజె" అన్నాను, కుర్చీలోంచి లేవకుండా.

బయట ఏ కదలికా లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. అర ఊపిరి తర్వాత తలుపు కదిలింది.