చిల్లకల్లు లైను దొంగ

దొంగను పట్టబోయి ఎంత పరువు పోగొట్టుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నందిగామలో డిప్లొమా ముగించి, జగ్గయ్యపేటలో ఇళ్లకు ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే మస్తాన్ గారి ఆఫీసులో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఇంజినీరు భోజనం వేళ కూడా ఎరగడు. చేరిన వారానికే, మా లైన్ల మీద ఎక్కడ ఏ రూటరు ఉన్నా తనంతట తానే కనిపెట్టి తెర మీద మ్యాపు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పెళ్లిచూపుల్లో పిల్ల తాతగారిలా అది ప్రతి పెట్టెనూ ఎవరి తాలూకు అని ఆరా తీసింది. అన్నీ పేరూ ఊరూ చెప్పాయి, చిల్లకల్లులో ఒక్కటి తప్ప. మా రిజిస్టరులో అది లేనే లేదు.

"లైను దొంగ దొరికాడండి," అన్నాను.

పాతదేదో అయ్యుంటుంది, వదిలెయ్యమన్నారు మస్తాన్ గారు. వదిలితే నేను నేనెందుకవుతాను? అక్కడికక్కడే లైను కట్ చేశాను. మనిషిని కూడా పట్టుకోవాల్సిందేనని కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి స్కూటర్ తీశారు. దొంగతనం ఎంత తప్పో దారి పొడుగునా ఆయన వీపుకు ఉపన్యాసమిచ్చాను.

తీగ వెంట వెళ్తే ఒక పెంకుటిల్లు వచ్చింది. లోపల డెబ్బై దాటిన టీచరమ్మ, చేతిలో సుద్దముక్కతో కూర్చున్నారు. ఎదురుగా ట్యాబు మీద చిన్న చక్రం గానుగెద్దులా తిరుగుతోంది.

"వచ్చావా మస్తానూ? నువ్వేసిన లైను ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆగలేదురా. పిల్లలకి రేపు లెక్కల పరీక్షనగా ఇవాళ ఆగింది."

నా కాళ్ల కింద గచ్చు కదిలింది. మస్తాన్ గారికి ఎక్కాలు నేర్పింది ఆవిడేనట. మోకాళ్లు సహకరించక ఇంట్లోంచే పేదపిల్లలకు పాఠాలు చెబుతుంటే, ఈయన ఎవరికీ తెలియకుండా లైను వేశారు. రాస్తే పదిమందికీ తెలుస్తుందని రిజిస్టరులోనూ రాయలేదు.

ఈ అబ్బాయెవరని ఆవిడ అడిగారు. నేను గోడలో కలిసిపోయే ప్రయత్నంలో ఉన్నాను.

"మా కొత్త ఇంజినీరండి. లైను ఆగిందని తెలిసి పరిగెత్తుకొచ్చాడు," అన్నారు మస్తాన్ గారు.

ఫోన్లోంచే లైను కలిపాను. తెర మీద పిల్లల మొహాలు ఒక్కొక్కటే వెలిగాయి. టీచరమ్మ నా తల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డను దీవించయ్యా. లైను ఆపినవాడెవడో, వాడికీ కాస్త బుద్ధి దయచేయి తండ్రీ."

"ఆమీన్," అన్నారు మస్తాన్ గారు, నాకంటే ముందే.

పేరు చెప్పని పెట్టె ఏది కనబడినా, యజమానిని అడగందే దాని జోలికి వెళ్లనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టంటే లోకమంతా ఎదుటివాళ్ల తల మీద చెయ్యి వేస్తుంది. నా ఒట్టులో చెయ్యి ఆవిడది, తల నాది.