చిత్రాచార్య గారి శిష్యుడు

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు గుడివాడకి కొత్త, నాకు గొప్పలు కొత్త కాదు. రెండూ కలిశాయి. అందులో మన మొహం ఎవరికీ కనపడదు, వయసు కనపడదు, గోళ్లలో ఇరుక్కున్న ఎనామిల్ రంగు అసలే కనపడదు. పైగా పేరు కూడా మనమే పెట్టుకోవచ్చు. అమ్మానాన్నలు ఎలాగూ మనల్ని అడిగి పేరు పెట్టరు కాబట్టి, దొరికిన ఆ ఒక్క అవకాశాన్నీ నేను పూర్తిగా వాడుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో, మీసం ఇంకా ఓ పక్క వచ్చి ఓ పక్క రాని దశలో, బొమ్మలు వేసేవాళ్ల గ్రూపులో చేరి 'చిత్రాచార్య' అని పేరు పెట్టుకున్నాను. (ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.)

ఆచార్యుడి అసలు వృత్తి బోర్డులు రాయడం. బస్టాండు వెనక సందులో మా షాపు. ఓనర్ని అందరం 'మావయ్యా' అనేవాళ్లం, ఆయన మాలో ఎవరికీ మావయ్య కాడు. అక్షరాల విషయంలో నాకు వంక పెట్టేవాళ్లు లేరు. ఎరువుల కొట్టయినా, రైసు మిల్లయినా, పెళ్లివారి వ్యానయినా తిన్నగా, ముద్దుగా రాసేవాణ్ణి. వచ్చిన చిక్కల్లా మనుషుల బొమ్మల దగ్గర. మొహం వేసేవాణ్ణి, జుట్టు వేసేవాణ్ణి, చొక్కా మడతలు కూడా వేసేవాణ్ణి. చేతులు మాత్రం వచ్చేవి కావు. అందుచేత ఆ చుట్టుపక్కల నేను వేసిన మగవాళ్లందరూ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవాళ్లు. ఆడవాళ్లు చేతులు వెనక్కి కట్టుకునో, పమిట కింద దాచుకునో ఉండేవాళ్లు. ఒకసారి పెదపారుపూడిలో పాలకేంద్రం గోడమీద పాల క్యాను పట్టుకున్న రైతును వెయ్యమంటే, క్యాను నేలమీద పెట్టేసి, రైతును దాని పక్కన జేబుల్లో చేతులతో నిలబెట్టాను. పంచెకి జేబులుండవని మావయ్య వచ్చి చెప్పేదాకా నాకు తట్టలేదు.

"ఒరే, నువ్వు చేతులన్నా నేర్చుకో, లేకపోతే చేతుల్లేని దేశానికన్నా పో," అన్నాడాయన.

నేర్చుకుందామనే బయల్దేరాను. నోట్‌బుక్కు పట్టుకుని గుడివాడ రైల్వే స్టేషన్లో కూర్చునేవాణ్ణి. అక్కడ మనుషులకు కొదవ లేదు కానీ, కదలకుండా ఉండేవాళ్లు నిద్రపోయేవాళ్లే. వాళ్లనే గీసి, షాపు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో స్కాన్ చేయించి గ్రూపులో పెట్టేవాణ్ణి. (ఆ నెట్ సెంటర్ అతన్ని నేను 'బావా' అనేవాణ్ణి. మా ఊళ్లో వరసలకు రక్తసంబంధంతో పని లేదు.) ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే గ్రూపది, ఓ ముప్పై నలభై మందిమి ఉండేవాళ్లం. ఎవరైనా బొమ్మ పెడితే మిగతావాళ్లు మంచీచెడ్డా చెప్పాలి. నా బొమ్మలు చూసి ముంబై ఆర్టిస్టునని చెప్పుకునే ఒకాయన, "మీ మనుషులందరూ నిద్రపోతున్నారేం? ఒక్కణ్ణి లేపి నిలబెట్టండి," అని రాశాడు. లేపి నిలబెట్టాను. "ఇతను నిలబడలేదు, ఎవరో మెడకి దారం కట్టి వేలాడదీశారు," అని రాశాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాటికి ఒక సత్యం బోధపడింది. బొమ్మ వెయ్యడం కష్టం గానీ, ఎదుటివాడి బొమ్మకి వంక పెట్టడం చాలా తేలిక. బందరులో పాత పుస్తకాల కొట్లో మనిషి శరీరం గురించిన చిరుగుల పుస్తకం ఒకటి దొరికితే తెచ్చుకున్నాను. పొద్దున ఒక పేజీ చదవడం, సాయంత్రం ఆ పేజీ ఎవరో ఒకరి మీద ప్రయోగించడం. గ్రూపులో నా మాటకి విలువ పెరిగింది. 'ఆచార్య గారు ఏమంటారో' అని ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు. నా వయసెంతని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. 'నా ముప్పై ఏళ్ల అనుభవంలో' అని ఒకసారి రాసిన మాట మాత్రం నిజం. (ఎవరి అనుభవమో రాయలేదు.)

నా ఉపదేశాలు ఎక్కువగా తిన్న మనిషి పేరు 'కొత్తచెయ్యి'. ఎవరో కాలేజీ పిల్లో పిల్లాడో అనుకున్నాను. మంచం మీద కూర్చున్న ముసలమ్మలు, గోడకానుకున్న మనుషులు, అలాంటి బొమ్మలు పెట్టేవాళ్లు. "వేళ్లు బెండకాయల్లా ఉన్నాయి, మళ్లీ వెయ్యండి," అని రాసేవాణ్ణి. "అలాగేనండీ," అని జవాబొచ్చేది, వారం తిరక్కుండా మళ్లీ వేసిన బొమ్మా వచ్చేది. అంత వినయమున్న శిష్యరికం దొరికితే ఎవరికైనా తలకెక్కుతుంది. ఒక్కసారి మాత్రం, ఒక మనిషి కుడి భుజం కిందికి జారి ఉందని నేను చీవాట్లు పెడితే, "భుజం నిజంగా అలాగే ఉందండీ," అని జవాబొచ్చింది. నేనూరుకుంటానా? "కంటికి కనపడేదంతా నిజం కాదు. ముందు శాస్త్రం తెలుసుకోండి," అని రాసి, బావ ఇచ్చిన టీ తాగి, లోకాన్ని ఉద్ధరించినవాడిలా ఇంటికెళ్లాను.

తరవాత పది రోజులకి ఒక టైలరు షాపు గోడమీద బొమ్మ వేసే పని తగిలింది. మా షాపుకి నాలుగడుగుల దూరం. ఆ టైలరు మహా పట్టుదల మనిషి. "కత్తెర చేత్తో పట్టుకుని ఉండాలి. జేబులో పెడితే ఒప్పుకోను," అని ముందే చెప్పేశాడు. రెండుసార్లు వేసి చెరిపాను. మూడోసారి నిచ్చెన ఎక్కి వేస్తుండగా కింద నించి ఒక గొంతు వినిపించింది.

"బాబూ, ఇక్కడ చిత్రాచార్య గారి స్టూడియో ఎక్కడండీ?"

నిచ్చెన ఊగింది. (నేనే ఊగానేమో.) కింద అరవై ఏళ్ల ఆవిడ, ఇస్త్రీ చేసిన నేత చీర, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచీ. బస్టాండు వెనక నాకు స్టూడియో ఉన్నట్టు ఎప్పుడో గ్రూపులో కోసిన కోత గుర్తొచ్చింది.

"మీరెవరండీ?" అన్నాను.

"మాది అవనిగడ్డండీ. మా చెల్లెలి మనవరాలి పెళ్లికని వచ్చాను. ఆచార్య గారి దగ్గర గ్రూపులో నేర్చుకుంటున్నాను, నన్ను కొత్తచెయ్యి అంటారు. ఊళ్లోకొచ్చి పెద్దాయన్ని చూడకుండా వెళ్తే బాగోదని..."

"ఆయన ఊళ్లో లేరండీ. తోట్లవల్లూరు వెళ్లారు." ఆ ఊరే ఎందుకు నోటికొచ్చిందో ఇప్పటికీ తెలీదు. నేనెప్పుడూ వెళ్లిన ఊరు కాదు.

"అయ్యో. మరి మీరు?"

"నేనా... ఆయన శిష్యుణ్ణండీ."

ఆవిడ మొహం విప్పారింది. సంచీలోంచి ఒక పొట్లం తీసి నిచ్చెన మెట్టు మీద పెట్టింది. "బెండకాయలండీ, మా పెరట్లోవి. నా వేళ్లు బెండకాయల్లా ఉన్నాయని సారు రాశారు గదా. నిజమో కాదో చూద్దామని వీటిని పక్కన పెట్టుకుని చూశాను. నిజమేనండీ, అచ్చం వీటినే గీశాను. లేతవి, ఆయనకి వేపుడు చేసి పెట్టండి."

నేను తీసుకున్నాను. ఏం చెయ్యను? ఆవిడ వెళ్లిపోతే బాగుండునని మనసులో మొక్కుకుంటుంటే, ఆవిడ గొడుగు మూసి, కళ్లజోడు సర్దుకుని గోడకేసి చూడ్డం మొదలెట్టింది.

"అడగొచ్చో లేదో బాబూ... ఆయన మోచెయ్యి ఎప్పుడు విరిగింది?"

"విరగలేదండీ. ఆయన టైలరు."

"విరక్కపోతే ఆ చెయ్యి అటు తిరగదు. విరిగి తిరిగితే మనిషి గోల పెడతాడు. మీవాడు నవ్వుతున్నాడేంటి?" అని, "నేను ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సుగా చేశాను. ఒకసారి కిందికి దిగండి," అంది.

దిగాను. నా కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పింది, మళ్లీ కిందికి తిప్పింది. "ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. అరచెయ్యి ఇటు తిప్పితే పక్కపక్కన ఉంటాయి, అటు తిప్పితే ఒకదాని మీంచి ఒకటి దాటుద్ది. మీ ఎడంచేత్తో పట్టుకుని చూడండి, తెలుస్తుంది." పట్టుకుని చూశాను. నిజంగానే చర్మం కింద ఎముక కదిలి వెళ్లింది. ఆ పేజీ నేను చదివాను. ముగ్గురికి ఉపదేశించాను కూడా. అది నా చేతిలో కూడా ఉందని మాత్రం ఆ రోజే తెలిసింది. భయం మర్చిపోయి మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంటుంటే, సందుకి అవతలి నించి మా బావ కేక వేశాడు.

"ఓయ్ చిత్రాచార్యా! నిన్న నీ బొమ్మలు స్కానర్లోనే వదిలేసి పోయావేంటి? ఆ కొత్తచెయ్యి మళ్లీ ఏదో పెట్టినట్టుంది, వచ్చి నాలుగు తగిలించు!"

పారిపోదామంటే చెయ్యి ఆవిడ చేతిలో ఉంది.

ఆవిడ బావ వైపు చూసింది, నావైపు చూసింది. తల దించుకుంటే కాళ్ల దగ్గర రంగు డబ్బా, పైన చూస్తే నవ్వుతున్న టైలరు. చివరికి ఆవిడే అంది.

"తోట్లవల్లూరు నించి తొందరగానే వచ్చారే సారూ!"

ఆ తరవాత మా షాపు ముందున్న స్టూలు మీద కూర్చుని ఆవిడ నవ్విన నవ్వు ఆ సందు సందంతా విన్నది. మావయ్య మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. "తప్పయిపోయిందండీ, క్షమించండి," అన్నాను. కళ్లు తుడుచుకుని ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"ఆ జారిన భుజం మా ఆయనది బాబూ. వయసులో పడవ మీంచి పడ్డారు, అది సరిగ్గా కూడలేదు. నేను రోజూ చూసే భుజం. నువ్వు శాస్త్రం అన్నప్పుడు కాస్త బాధేసిన మాట నిజం. కానీ వేళ్ల సంగతి నువ్వు చెప్పిందే రైటు. ఇంట్లో ఏ బొమ్మ చూపించినా 'బాగుందమ్మా' అంటారు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అంటారు. చూసి చెప్పినవాడివి నువ్వొక్కడివే. చెప్పడం మానొద్దు. ఆ ముప్పై ఏళ్లూ మాత్రం తీసెయ్. మిగతావాళ్లకి కూడా నిజం చెప్పు."

మర్నాడు నెట్ సెంటర్లో కూర్చుని చెమటలు కక్కుతూ అంతా రాశాను: వయసు, బోర్డుల షాపు, జేబుల్లో చేతులు, అన్నీ. నాకు మర్యాద దొరికిన చోటు ప్రపంచంలో అదొక్కటే, అదీ పోయిందనుకున్నాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడోరోజు ముంబై ఆర్టిస్టు రాశాడు: తనది ముంబై కాదట, బందరట. ఇంటర్ రెండో సంవత్సరమట. ఆ తరవాత హైదరాబాదులో ఆర్ట్ డైరెక్టర్నని చెప్పుకునే ఇంకొకరు తాను చల్లపల్లిలో మందుల షాపులో ఉంటానని ఒప్పుకున్నారు. వారం తిరిగేసరికి మా గ్రూపులో ఆచార్యులనేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అసలు అప్పట్నుంచే అక్కడ మంచి బొమ్మలు రావడం మొదలైంది.

టైలరు చేతికి కత్తెర వచ్చింది. మావయ్య రోడ్డుకవతల నిలబడి చాలాసేపు చూసి, "చేతులొచ్చినియ్యిరా," అన్నాడు. ఆయన నోట నేను విన్న మెప్పు అదొక్కటే.

ఆ ఏడాదంతా ఆదివారాలు పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులో అవనిగడ్డ వెళ్లేవాణ్ణి. ఆవిడ చర్చి నించి వచ్చేసరికి నేను అరుగు మీద సిద్ధం. వాళ్లాయన మాకు మోడలు. "ఇంకెంతసేపమ్మా, తిమ్మిరెక్కింది," అంటూనే కదలకుండా కూర్చునేవాడు. ఆవిడ నాకు ఎముకలు చెప్పేది, నేను ఆవిడకి వెలుగునీడలు చెప్పేవాణ్ణి. ఒకళ్ల బొమ్మ ఒకళ్లు నిర్దాక్షిణ్యంగా దిద్దుకుని, తరవాత చేపల పులుసుతో అన్నం తినేవాళ్లం.

ఒక ఆదివారం ఆయనకి జ్వరమొస్తే ఆవిడ నన్ను కూర్చోబెట్టి గీసింది. అయ్యాక చూసి, "ముక్కు మరీ అంత పెద్దది వేశారేంటండీ," అన్నాను. "ఉన్నంతే వేశాను," అంది. కాదని వాదించాను. పెన్సిలుతో కొలిచి చూపించింది. అయినా ఒప్పుకోలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు నా బల్ల ఎదుట గోడకి ఉంది. స్కూలు పుస్తకాలకి బొమ్మలు వేసుకుంటూ మధ్యలో తలెత్తినప్పుడల్లా కనపడతాడు, ఛాతీ విరుచుకుని, గడ్డం పైకెత్తి, లోకంలో ఎవరికైనా ఏదైనా నేర్పడానికి సిద్ధంగా కూర్చున్న ఆ కుర్రాడు. వాడి మీద నాకు కోపం లేదు. అంత ధీమాగా నేను మళ్లీ ఎప్పుడూ కూర్చోలేకపోయాను. మొన్న గడ్డం గీసుకుంటూ అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. ముక్కు ఆవిడ వేసినంతే ఉంది.