ప్యాచ్ మానేసిన రోజు

ఇవాళ ఆఫీస్ నుంచి తొందరగా బయటపడి, పదేళ్ల మా అమ్మాయి అనూషని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. తనకి ఏడీహెచ్‌డీ, అంటే ఒకచోట కుదురుగా ఉండలేని, దేని మీదా దృష్టి నిలవని సమస్య ఉంది. మాత్రలు మింగలేక కక్కేస్తుంటే, మూడేళ్ల క్రితం మందు ప్యాచ్ రాసిచ్చారు. రోజూ స్కూల్‌కి ముందు తుంటి మీద అంటిస్తే మందు చర్మంలోంచి లోపలికి వెళ్తుంది. దాంతో క్లాసులో కుదురుగా కూర్చోగలిగింది, స్నేహితులూ దొరికారు. కానీ మొన్న స్విమ్మింగ్‌కి బట్టలు మార్చుకుంటుంటే, ప్యాచ్ అంటించే చోట తెల్లమచ్చలు కనిపించాయి.

డాక్టర్ చూసి, అవి ప్యాచ్ వల్లే వచ్చాయని, పోయిన రంగు మళ్లీ రాకపోవచ్చని మెల్లగా చెప్పింది. ప్యాచ్ మానేయమని సిరప్ రాసిచ్చింది. స్విమ్మింగ్‌లో ఎవరైనా చూసి, చర్చ్‌లో బొల్లి అని చెప్పుకుంటారేమోనని భయమేసింది. రోజూ అంటించిన చెయ్యి నాదే కదా!

కార్‌లో ఏడుపు ఆపుకోలేకపోయాను.

"అమ్మా, ఇట్స్ ఓకే, ఎవరికీ కనిపించదు," అంది అనూష. "బట్ రేపటి నుంచి నువ్వు థర్టీ వరకు కౌంట్ చెయ్యవా?"

ప్యాచ్ అంటుకోవాలంటే అరచేత్తో ముప్పై సెకన్లు నొక్కి పట్టాలి. బస్ వెళ్లిపోతుందని నేను గబగబా లెక్కపెట్టేదాన్ని. రోజు మొత్తంలో నేను ఇంకే పనీ చేయకుండా తన మీద చెయ్యేసి నిలబడింది ఆ కాసేపేనని ఇవాళే తెలిసింది.

"చేస్తానమ్మా," అన్నాను.

చేదు సిరప్ తాగించే చిట్కాలుంటే చెప్పండి. లెక్కపెట్టడం నాకొచ్చు, ఈసారి నిదానంగా.