పొట్టిరాతల నర్సమ్మ

మా పక్కింటి నర్సమ్మ పోయింది. మొన్న పొద్దున్న పాలు ఇద్దామని తలుపు తట్టిన మా కోడలు ఏడుస్తూ వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకు మాటలు తక్కువ, రాయడం ఇంకా తక్కువ. అయినా ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు నిమ్మళం ఉండదు.

పుదుచ్చేరిలో కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక నౌపడ పక్కన మా ఊరికి, పుట్టింటికే వచ్చేసింది. ఫ్రెంచి అక్కడ నేర్చుకున్నదే. సాయంత్రాలు కాఫీ కలిపి నాకో గ్లాసు ఇచ్చేది. ఇద్దరం మాట్లాడకుండానే తాగేవాళ్ళం.

మా వైపు కుర్రాళ్ళు ఆఫ్రికా రేవుల్లో వెల్డింగు పనులకి పోతారు. జబ్బుచేసి తిరిగొస్తే చేతిలో ఫ్రెంచి ఆసుపత్రి కాగితాలుంటాయి. మన డాక్టర్లకి అవి ఇంగ్లీషులో కావాలి. మామూలు మాటలైతే ఫోనే చెప్పేస్తుంది. రెండు మూడు అక్షరాలకి కుదించి రాసే పొట్టిరాతల దగ్గరే చిక్కు. అందుకే నర్సమ్మ దగ్గరికి వచ్చేవారు.

ఆవిడ అరుగు మీద కాగితం పరిచి, తనకు తెలియని ప్రతి పొట్టిరాత మీదా ఒక చింతపిక్క పెట్టేది. తేలాక తీసేది. పిక్క ఉండగా కాగితం మడవనిచ్చేది కాదు. “మనం తెలిసినట్టు రాస్తే డాక్టరు నిజమే అనుకుంటాడు” అనేది.

కొన్నేళ్ళ కిందట మా అల్లుడూ అలాగే కాగితాలతో వచ్చాడు. విజయనగరంలో మర్నాడే హెర్నియా ఆపరేషను.

“హెచ్.టి.ఎ. అంటే ఏటత్తా?” అన్నాడు.

“బీపీ. ఆల్ల బాసలో పేరు మారిందని ఉప్పుసేప లాగించీకు.”

అన్నీ తేలి చివరికి ఒక్క పిక్క మిగిలింది. మందుల వరసలో ఎ.వి.కె. అని ఉంది. ఆ మాత్రలు అల్లుడు విడిగా పొట్లం కట్టి తెచ్చాడు. గుండెకని ఇచ్చారంటాడు, పేరు తెలీదు.

“అదొక్కటీ ఒగ్గేసి రాసీయత్తా” అంది మా అమ్మాయి.

“ఒగ్గీడానికి అదేటి, కూరలో కరేపాకా? రేపు కత్తి పెట్టీది నీ మొగుడి ఒంటిమీదే.”

“ఏ బలం మాత్రో అయ్యుంటాది.”

“అయ్యుంటాదని నానెలా రాత్తానే? నాను కాన్పుల వార్డుదాన్ని. గుండె మందులు నాకంతగా తెల్దు.”

అమ్మాయి మొహం ముడుచుకుంది. నర్సమ్మ పుదుచ్చేరిలో తనతో పనిచేసిన ఇంకో నర్సుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అన్నానికి పిలిచినా లేవలేదు. దీపాలవేళకి అటునుంచి ఫోన్ వచ్చింది. తమిళం, ఫ్రెంచి కలిపి మాట్లాడి, పిక్క తీసింది.

“తమ్ముడూ, రక్తం గడ్డకట్టకండా ఇచ్చే మందంట. అది ఆపకండా కోస్తే రక్తం ఆగదు. ఇప్పుడే డాక్టరికి ఫోన్ సెయ్యి.”

చేశాను. డాక్టరుగారు ఆపరేషను వాయిదా వేశారు. మందు మార్చి, రక్తం పరీక్షించి, తర్వాత చేశారు. అల్లుడు లేచి తిరిగాడు. అమ్మాయి ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, “ఏడుపాపి రొయ్యల కూరొండి అట్టుకురాయే” అంది.

నిన్న ఆవిడను సాగనంపాం. పాడె ముందు కొమ్ము అల్లుడే ఎత్తుకున్నాడు. భుజం మార్చుకోమంటే వినలేదు. ఉప్పుమళ్ళ మధ్య గట్టు సన్నం. తడబడకుండా నడిచాడు. పక్కన మడి నీళ్ళలో అతని నీడా, ఆవిడ మీద కప్పిన తెల్లచీర నీడా కలిసి మెల్లగా సముద్రం వైపు వెళ్ళాయి.